పదికి ఏడు

జూన్ 9

చిరంజీవి అమ్మడికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా, అక్కడ నువ్వూ కులాసా అని మొదలుపెట్టాలి. నా సంగతి సరే, నీ సంగతి నాకెలా తెలుస్తుంది? నువ్వు ఉత్తరం రాసి పదకొండు నెలలైంది. రాసింది కూడా రెండు ముక్కలు: "బాగున్నాను. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను." ఆ పేపర్లు రాసిన పిల్లల మీద నాకు అసూయ పుట్టిందంటే నవ్వుతావు. వాళ్ళు ఏం గీకినా నువ్వు చివరిదాకా చదువుతావు కదా!

విషయానికొస్తాను. నేను ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పరీక్ష ప్రైవేటుగా రాయబోతున్నాను. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

మా నాన్న నన్ను బడి మాన్పించి బైండింగు షాపులో కూర్చోబెట్టేనాటికి నేను అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాను, ఇంగ్లీషు ఒక్కటే పోయింది. పోయిందాన్ని వెతుక్కునే తీరిక లేకుండా ఆ తర్వాత యాభై ఏడేళ్ళు అవే ఇంగ్లీషు వాచకాలు కుట్టాను, జిగురు రాశాను, అట్టలు వేశాను. వాటి వీపులన్నీ నాకు తెలుసు, కడుపులో ఏముందో తెలియదు. తెలుగు చదవడం మాత్రం అక్కడే బాగా పట్టుబడింది. పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చైన ఫారం మడవకముందు ఒకటో పేజీ పక్కన పదహారోది ఉంటుంది, ఆ పైన రెండు పేజీలు తలకిందులుగా ఉంటాయి. నేను చదివిన కథల్లో మనిషి ముందు పోయేవాడు, తర్వాత పుట్టేవాడు, మధ్యలో ఎప్పుడో పెళ్ళయ్యేది. అలవాటైపోతే అదీ బాగానే ఉంటుంది.

నా దగ్గరున్న ఎనిమిదో తరగతి వాచకం నేనే కుట్టింది. అందులో పడవవాడి పాఠం ఉంది. ఏటి మీద వంతెన కడతారు. ఇక పడవ ఎక్కేవాళ్ళుండరు. అయినా ఆ ముసలివాడు రోజూ పొద్దున్నే రేవుకొచ్చి కూర్చుంటాడు. ఒకరోజు లేచి నిలబడి తాడు విప్పుతాడు. అక్కడితో అరవై నాలుగో పేజీ. తిప్పితే అరవై ఐదు ఉండాలి, మళ్ళీ నలభై తొమ్మిది ఉంది! ఒక ఫారం రెండుసార్లు పడింది, ఒకటి ఎగిరిపోయింది. ఫారాల వీపున మెట్లలాగా నల్లగుర్తులుంటాయి. పేర్చాక ఆ మెట్లు వరసగా దిగుతున్నాయో లేదో చూడటం బైండరు పనుల్లో మొదటిది. చూడలేదు. అది మీ అత్తయ్య ఆస్పత్రిలో ఉన్న వారంలో కుట్టిన పుస్తకం. ఆ తర్వాత ఇంకో పుస్తకం కుట్టలేదు. పడవవాడు రెండేళ్ళుగా తాడు చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు.

మీ అమ్మ ఉంటే ఈ పరీక్ష సంగతి విని ఏమనేదో! మా చెల్లెలు ఏదీ సూటిగా అడిగిన మనిషి కాదు. నన్ను రమ్మనాలంటే "అన్నయ్యా, కుర్చీ కాలు ఊగుతోంది" అని కార్డు రాసేది. నేను జిగురు డబ్బా పట్టుకుని బండెక్కేవాణ్ణి. వచ్చి చూస్తే కుర్చీ నిక్షేపంగా ఉండేది. సూటిగా అడగడం మన ఇంటావంటా లేదు.

ప్రశ్నలు పంపు. నేను రాస్తాను, నువ్వు దిద్దు. టీచరువి కాబట్టి కాదనలేవు.

నీ బైండింగు మావయ్య


జూన్ 20

మావయ్యకు నమస్కారాలు.

నవ్వాను. స్టాఫు రూములో అందరూ తిరిగి చూశారు. నేను నవ్వడం వాళ్ళెప్పుడూ చూడలేదట.

పరీక్ష సెప్టెంబరు 18న. నేను కనుక్కున్నాను. పదజాలం, వ్యాకరణం, పాఠాలు, ఉత్తరం రాయడం, చదివి అర్థం చేసుకోవడం, అయిదు భాగాలు. మూడు నెలల్లో మొత్తం తిరగేయాలి. షరతులు చెబుతున్నాను. విడి కాగితాల మీద రాయి. ఇంగ్లీషు జవాబు కింద తెలుగులో అర్థం రాయి, లేకపోతే గైడు చూసి దించావని నాకెలా తెలుస్తుంది? ఎర్రసిరాతో దిద్ది మార్కులు వేసి తిరిగి పంపుతాను. మావయ్య అని ఒక్క మార్కు కూడా ఎక్కువ వెయ్యను.

పడవవాడు ఏం చేశాడో ఇప్పుడు చెప్పను. పరీక్ష ముందు రోజు చెబుతాను. అంతదాకా నువ్వు పుస్తకం మూసెయ్యవు.

నా సంగతులేముంటాయి! మేడమీద గది, కింద ఇంటావిడ. కిటికీలోంచి బడి గోడ కనిపిస్తుంది. పొద్దున ఆ గోడ లోపలికి వెళ్ళి సాయంత్రం ఇవతలికి వస్తాను. తరగతికి యాభై ఇద్దరు పిల్లలు. సాయంత్రం గది తాళం తీసేసరికి చెవుల్లో వాళ్ళ గోల ఇంకా ఉంటుంది. కాసేపటికి అదీ పోతుంది. అప్పుడు మాత్రం కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

మొదటి విడత: ఈ మాటలతో సొంత వాక్యాలు రాయి: నైబర్, ఎంప్టీ, రిపేర్. పాసివ్ వాయిస్‌లో ఒక వాక్యం, పాస్ట్ పర్ఫెక్ట్‌లో ఒక వాక్యం.

నీ మేనకోడలు


జూలై 2

అమ్మడికి,

జవాబులు పంపుతున్నాను. తెలుగు అర్థాలు ఇక్కడే రాసేస్తున్నాను, కాగితం కలిసొస్తుంది.

నైబర్: మా నైబర్ టైపుమిషన్లు బాగుచేస్తాడు. గోడకు అటు ఆయన, ఇటు నేను. ఆయన దగ్గితే నేను దగ్గుతాను. రోజూ మా మాటలు అంతే.

ఎంప్టీ: ఎంప్టీ గదిలో గొంతు పెద్దగా వినిపిస్తుంది కాబట్టి నేను మెల్లగా మాట్లాడుకుంటాను.

రిపేర్: ఈ ఊళ్ళో ఇప్పుడెవరూ పుస్తకాలు రిపేర్ చేయించుకోరు.

పాసివ్ వాయిస్: పుస్తకాలు కుట్టబడ్డాయి.

ఈ పాసివ్ వాయిస్ భలే నచ్చింది నాకు. ఎవరు కుట్టారో చెప్పనక్కర్లేదు! యాభై ఏడేళ్ళు నేను ఈ వాక్యంలోనే కాపురమున్నాను, దానికో పేరుందని ఇప్పుడు తెలిసింది.

పాస్ట్ పర్ఫెక్ట్: నేను ఫ్లాస్కులో టీ పోయించుకుని వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయి ఉంది.

గైడులో రైలు, ప్రయాణికుడు అని ఉంది. అది చూసి దించానని అంటావని నా సొంతంగా రాశాను.

ఇంకో సంగతి. పంపే ప్రశ్నలు కాస్త పెద్ద అక్షరాలతో రాయి. కళ్ళద్దాలు పాతబడ్డాయి. పెద్ద విశేషం కాదు.

నీ విద్యార్థి, వయసు డెబ్బై ఒకటి


జూలై 14

మావయ్యా,

కాగితాలు దిద్ది పంపుతున్నాను. పదికి ఎనిమిది. "కుట్టబడ్డాయి" ఇంగ్లీషులో సరిగ్గా వచ్చింది. మిగతావాటిలో చిన్న తప్పులు, ఎర్రగా కనిపిస్తాయి చూడు.

ఆఖరి వాక్యంలో తప్పేమీ లేదు. దాని మీద ఎర్రసిరా పెట్టడానికి చెయ్యి రాలేదు. పెన్సిలుతో టిక్కు పెట్టాను.

కానీ మావయ్యా, టీచరుగా ఒక మాట చెబుతాను, వినుకో. పరీక్షలో నిజాలు రాయకు. కల్పించి రాయి. దిద్దేవాడు రోజుకు వంద పేపర్లు చూస్తాడు. అతనికి మన ఇంటి సంగతులు అక్కర్లేదు, వాక్యం సరిగ్గా ఉందా లేదా అన్నదే కావాలి. నిజం రాస్తే తప్పులొస్తాయి. మా పిల్లలకీ ఇదే చెబుతాను. లేని అన్నయ్యను సృష్టించండి, లేని కుక్కను పెంచండి అంటాను. నువ్వూ అంతే చెయ్యి.

మా హెడ్మాస్టరును పిల్లలు "గంట" అంటారు. ఎప్పుడు చూసినా గంట కొట్టారా లేదా అనే అడుగుతుంటాడు. ఆ గంటగారు నిన్న పిలిచి ఈ ఏడు బదిలీలుంటాయన్నాడు. చూడాలి.

ఈసారి ఉత్తరం రాయడం. ప్రశ్న: "సెలవుల్లో తమ ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉండమని బంధువుకు ఉత్తరం రాయండి." వంద మాటలు దాటకూడదు.

నీ మేనకోడలు


జూలై 26

అమ్మడికి,

నువ్వడిగిన ఉత్తరం పంపుతున్నాను. ఇది రాయడానికి ఎనిమిది రోజులు పట్టింది, ఇంగ్లీషు వల్ల కాదు. తెలుగు అర్థం కింద ఉంది. ఇంతకంటే రాయను, చెయ్యి నొప్పిగా ఉంది.

"నా ప్రియమైన మేనకోడలా, నువ్వు కులాసా అని తలుస్తాను. నా రెండు కళ్ళలో శుక్లాలున్నాయి. కుడికన్ను ముందు ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ అంది. ఆగస్టు పదహారున రమ్మంది. సంతకం పెట్టడానికి బంధువు కావాలట. తర్వాత పది రోజులు మూడు పూటలా చుక్కలు వెయ్యడానికి ఒక చెయ్యి కావాలట. నాకు రెండు చేతులున్నాయి గాని అవి నా కంటి మీదికి వచ్చేసరికి గురి తప్పుతున్నాయి. నీకు సెలవులుంటే దయచేసి రా. సెలవులు లేకపోతే దయచేసి రాయి. మంచం నీకిచ్చి నేను బల్ల మీద పడుకుంటాను. దయచేసి. నీ మావయ్య."

మావయ్య


ఆగస్టు 5

మావయ్యా,

భలే! ఇంత త్వరగా పట్టుబడుతుందనుకోలేదు. కల్పించమంటే ఏ స్థాయిలో కల్పించావు! "గురి తప్పుతున్నాయి" దగ్గర నేను నిజంగా ఒక్క క్షణం ఆగిపోయాను. గంటగారికి కూడా చదివి వినిపించాను, నా విద్యార్థి అని చెప్పి. ఎన్నేళ్ళని అడిగితే చెప్పలేదు.

అయినా పదికి ఏడే వేశాను. ఎందుకో కాగితం మీద రాశాను, మళ్ళీ చెబుతాను. ఒకటి, వంద మాటలు దాటింది. రెండు, "దయచేసి" మూడుసార్లు వచ్చింది, ఒకసారి చాలు. మూడు, పిలుపు ఉత్తరం సంతోషంగా ఉండాలి. చదివిన బంధువు రావాలనుకోవాలి, భయపడకూడదు. ఆస్పత్రి తీసేసి తోట, పడవ షికారు లాంటివి పెట్టు.

తర్వాతి ప్రశ్న. ఇది గైడులో ఉండదు, నేనే తయారుచేశాను. "మీ మేనకోడలికి బదిలీ వస్తోంది. కోరుకోవడానికి రెండు బడులున్నాయి. ఒకటి మీ ఊళ్ళోనే, మీ ఇంటికి నడిచి వెళ్ళేంత దగ్గర. రెండోది ఎక్కడో దూరాన, ఎవరూ తెలియని చోట. ఆగస్టు ఇరవైలోగా కాగితం మీద రాసివ్వాలి. ఎటు రమ్మంటారో, ఎటు వెళ్ళమంటారో సలహా ఇస్తూ ఉత్తరం రాయండి."

దీనికి మాత్రం బాగా ఆలోచించి రాయి. తొందరగా పంపు.

నీ మేనకోడలు


ఆగస్టు 13

చి. అమ్మడికి,

ఎర్రసిరా చూశాను. ఆస్పత్రి తీసేసి పడవ షికారు పెట్టమన్నావు. అర్థమైంది. టీచరువి, నీ పనులు నీకుంటాయి. నేనేమీ అనుకోలేదు. మార్కులు న్యాయంగానే వేశావు.

నువ్విచ్చిన ప్రశ్నకు జవాబు:

"ప్రియమైన మేనకోడలా, దూరపు బడే కోరుకో. ఉద్యోగం చేసుకునే మనిషి బంధువులున్న ఊరు చూసుకోకూడదు. ముసలి బంధువులు ఒక గోడ చూసుకుని దానికి ఆనుకుని బతకడం నేర్చుకుంటారు. వాళ్ళ పక్కన నువ్వుంటే నీ సెలవులన్నీ వాళ్ళవైపోతాయి. నీ మంచి కోరే మావయ్య."

యాభై మాటలు కూడా దాటలేదు. "దయచేసి" ఒక్కటి కూడా లేదు. చూసుకో.

మావయ్య


ఆగస్టు 22

మావయ్యకు,

జవాబు అందింది. తప్పుల్లేవు. పదికి పది.

కాగితం మొన్న ఇచ్చేశాను.

ఇక చదివి అర్థం చేసుకోవడం ఒక్కటే మిగిలింది. పాత గైడులోంచి ఒక పేజీ కత్తిరించి పెడుతున్నాను. అది చదివి ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు రాయి. ప్రశ్నలు నేనే లావు కలంతో వేరే కాగితం మీద రాశాను, గైడులో అచ్చు సరిగ్గా లేదు.

1. పొద్దుటినుంచి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నది ఎవరు?
2. నోరు తెరిచి శబ్దం ఎందుకు చెయ్యలేదు?
3. చివరికి స్టేషను మాస్టరు ఏం చేశాడు?

ఇక్కడ వాన. బడికి నీళ్ళొచ్చి రెండు రోజులు సెలవిచ్చారు. రెండు రోజులూ ఎవరితో మాట్లాడలేదని మూడో రోజు హాజరు పిలుస్తుంటే గొంతు పూడుకుపోయినప్పుడు తెలిసింది.

మేనకోడలు


ఆగస్టు 30

అమ్మడికి,

జవాబులు.

1. పొద్దుటినుంచి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నది ఒక ముసలాయన.

2. ఒకసారి పిలిచి చూశాడు, ఎవరూ పలకలేదు. రెండోసారి పిలవడానికి మొహమాటపడ్డాడు.

3. చివరికి స్టేషను మాస్టరు ఆయనకు ఒక బెంచీ చూపించాడు. ఆ బండి ఇక రాదని మాత్రం చెప్పలేదు, మంచివాడు.

పాఠం బాగుంది. ఎవరు రాశారో గాని బాగా తెలిసినవాడే.

మావయ్య


సెప్టెంబరు 4

మావయ్యా,

అది మేక.

ఆ పాఠంలో ముసలాయన లేడు. ఎక్కడా లేడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నది మేక. నోట్లో స్టేషను మాస్టరుగారి పచ్చజెండా ఉంది కాబట్టి అరవలేదు. చివరికి ఆయన విసిగిపోయి ఎర్రజెండా కూడా దానికే ఇచ్చేశాడు. ఎనిమిదో తరగతి పిల్లలు పడీపడీ నవ్వే పాఠం అది.

నీ జవాబు చదివి ముందు నవ్వాను. తర్వాత ఆ గైడులోంచి ఇంకో పేజీ తీసి, చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాను. చీమతలంత అచ్చు. నువ్వు దాన్ని చదవలేదు. చదవలేకపోయావు. నా లావు కలం ప్రశ్నలు మాత్రమే కనిపించాయి నీకు.

ఆ తర్వాత మార్కుల పుస్తకం తీశాను. జూలై ఉత్తరం ఎదురుగా 7 అని ఉంది. జవాబు కాగితం నీ దగ్గరే ఉంది గాని, నాకు మొత్తం గుర్తుంది. ఆగస్టు పదహారు. సంతకం. చుక్కలు. బల్ల మీద పడుకుంటానన్నావు.

కల్పించి రాయమని నేనే చెప్పాను. నువ్వు ఇంత బాగా ఎలా కల్పించావని మురిసిపోయాను కూడా! నా జీవితంలో ఒక్కసారి మన ఇంట్లో ఒకరు సూటిగా అడిగారు, దానికి నేను మూడు మార్కులు కోశాను.

దీనికి జవాబు రాయకు. ఈ ఉత్తరం అందిన మూడో రోజు నేను అక్కడ ఉంటాను. గంటగారికి సెలవు చీటీ ఇచ్చాను. ఎందుకని అడిగాడు. నా విద్యార్థికి బాగోలేదన్నాను. సంతకం నేను పెడతాను. చుక్కలు నేను వేస్తాను. పడవవాడి పాఠం అరవై ఐదో పేజీ నుంచి చేత్తో రాసి తెస్తున్నాను, పెద్ద అక్షరాలతో.

బల్ల మీద నేను పడుకుంటాను.

నీ అమ్మడు


అక్టోబరు 12

నా తల్లీ,

నువ్వు బండెక్కి పదిహేను రోజులైంది. నిన్న కట్టూ, నల్లద్దాలూ అన్నీ తీసేసి, ఇక చదువుకోవచ్చంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి మొదట ఏం చదవాలా అని ఆలోచించాను. కొత్త కన్ను కదా, దానికి తగినదేదైనా చూపించాలి. బల్ల సొరుగులోంచి నా ఉత్తరం తీశాను. పదికి ఏడు. ఇన్నాళ్ళూ అది ఒక ఎర్రటి మరకలాగా కనిపించేది. ఎంత అందమైన ఏడు వేశావమ్మా! కింద "మంచి ప్రయత్నం" అని కూడా ఉంది. నీ ఉత్తరాలు భూతద్దం పెట్టి కూడబలుక్కునేవాణ్ణి, దాని కింద కూడా అది నాకు కనబడనే లేదు. కనబడి ఉంటే అంత కోపం తెచ్చుకునేవాణ్ణి కానేమో.

నువ్విక్కడ ఉన్నప్పుడు కొన్ని చెప్పలేకపోయాను. ఎదురుగా మనిషుంటే నాకు మాట రాదు, కాగితం ఉంటే ఆగదు. ఆగస్టు పదహారున నేను ఆస్పత్రికి వెళ్ళాను. బంధువేరీ అన్నారు. వస్తున్నారని చెప్పి బయట బెంచీ మీద పన్నెండింటిదాకా కూర్చున్నాను. అబద్ధమని తెలిసి కూడా గేటువైపు చూస్తూ కూర్చున్నాను, అదే ఆశ్చర్యం! బెంచీ చూపించిన ఆయన మంచివాడు. మేక పాఠంలోకి ఆయన అలా వచ్చాడు.

రెండోది. ఈ పరీక్ష సంగతి. ఇంగ్లీషు పోయిందన్న బాధ నిజమే, కాదనను. కానీ యాభై ఏడేళ్ళు ఆగినవాణ్ణి ఇంకో పదేళ్ళు ఆగలేనా! నీకు ఉత్తరం రాయడానికి ఓపిక ఉండదని తెలుసు. దిద్దకుండా మాత్రం ఉండలేవని కూడా తెలుసు. అందుకని జవాబు కాగితమైతే నీ దగ్గరికి రానిస్తావనుకున్నాను. పద్దెనిమిదో తేదీన పరీక్ష హాల్లో నా కుర్చీ ఖాళీగా ఉండి ఉంటుంది. ఆ టైముకి నువ్వు నా కంట్లో చుక్క వేస్తూ "పైకి చూడు, పైకి" అని కసురుతున్నావు. ఆ పరీక్ష నేను పాసైనట్టే.

మూడోది నీ సంగతి. ఆగస్టులో నువ్వడిగిన ప్రశ్న గైడులోది కాదని రాశావు. నువ్వెళ్ళిన నాలుగో రోజున అది తట్టింది నాకు. పాలు కాస్తుంటే ఉన్నట్టుండి తట్టింది, పాలు పొంగిపోయాయి. ఆ కాగితంలో ఏం రాసిచ్చావు? పన్నెండు రోజులు బల్ల మీద పడుకున్నావు, ఒక్క మాటైనా అనలేదేం? నన్ను మించిపోయావు. మీ అమ్మను కూడా మించిపోయావు.

నీ చేతిరాత పేజీలు నా వాచకంలో కుట్టేశాను. అదనంగా పడిన ఫారం విప్పి తీసేసి దాని చోట పెట్టాను. కొంచెం పొడుగున్నాయి, అంచు కొయ్యలేదు. పడవవాడు తాడు విప్పి, పడవను ఏట్లోకి తోసేసి, వంతెన ఎక్కి నడుస్తూ అవతలికి వెళ్ళడం నేను అనుకోని సంగతి. అందరినీ దింపి వచ్చినవాడు అవతలి వీధుల్లో ఎప్పుడూ తిరగలేదట కదా! నేను వాడు చచ్చిపోతాడనుకున్నాను. ఫారాల్లో చదివిన అలవాటు.

నీ మావయ్య, ఒకటిన్నర కళ్ళతో


నవంబరు 3

మావయ్యా,

చిరునామా మారింది, కవరు మీద చూసి ఉంటావు.

ఆగస్టు కాగితంలో దూరపు బడే రాసిచ్చాను. నువ్వు వద్దన్నావని రాశాను. ఆర్డరు వచ్చాక రెండేళ్ళదాకా మార్చడం కుదరదు. నీ దగ్గరున్నప్పుడు చెబితే నీ కన్ను మానదేమోనని చెప్పలేదు. ఇది నీ తప్పు కాదు. నేనూ సూటిగా అడగలేదు, పరీక్షలో పెట్టి అడిగాను.

బడి చిన్నది. తరగతికి పందొమ్మిది మంది. గోడ లేదు, గాలి అటునుంచి ఇటు వెళ్ళిపోతుంది. లైబ్రరీ అని ఒక బీరువా ఉంది. పుస్తకాలకు అట్టల్లేవు, దారాలు వేలాడుతున్నాయి. పిల్లలు ఒక పేజీ చదివి రెండో పేజీ ఎక్కడుందో ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటారు.

బడి వెనకే క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు. ఒక గదిలో నేనుంటాను. రెండో గది తలుపు మూసే ఉంచుతున్నాను. ఖాళీ గదిలో గొంతు పెద్దగా వినిపిస్తుందని నువ్వు రాశావు కదా, నిజమే. ఒకరోజు తలుపు తీసి ఊరికే నీ పాసివ్ వాయిస్ వాక్యం పైకి చదివి చూశాను. ఎవరో గొప్పవాళ్ళు చెప్పినట్టు వినిపించింది.

సామాను ఏమీ కొనలేదు. బడివాళ్ళు ఒక బల్లా, కుర్చీ ఇచ్చారు.

కుర్చీ కాలు ఊగుతోంది.

అమ్మడు


నవంబరు 10

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయి, కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. కొత్త కన్నుకు తడి తగలకూడదంది డాక్టరమ్మ. ఆవిడకు చెప్పకు.

ఇన్నాళ్ళూ మన ఇంట్లో కుర్చీలు చాలా కాళ్ళు ఊపాయి. ఈసారి నేను సూటిగా రాస్తున్నాను, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. నేను వస్తున్నాను. చూసి వెళ్ళడానికి కాదు, ఉండటానికి. గది ఖాళీ చేస్తానని ఇంటాయనకు చెప్పాను. టైపుమిషన్లాయనకు గోడ మీద కొట్టి చెప్పాను. ఆయన ఇవతలికొచ్చి నా ముఖం చూశాడు, ఆరేళ్ళలో మొదటిసారి. నేను గొంతును బట్టి అనుకున్నంత ముసలివాడు కాదు. "ఇక నేనెవరితో దగ్గాలండీ?" అన్నాడు. ఉత్తరం రాస్తానన్నాను.

కుట్టే చట్రం, దబ్బనాలు, మడతపుల్ల, జిగురు డబ్బా సర్దాను. ఆ బీరువాలో పుస్తకాలు పిల్లల్ని చింపనివ్వకు, నేనొచ్చేదాకా దారాలు ముట్టుకోనివ్వకు. నల్లమెట్లు సరిచూసి మరీ కుడతాను. పరీక్ష మళ్ళీ మార్చిలో ఉందట, అక్కడినుంచే రాస్తాను. రెండో కన్ను ఆ తర్వాత చూద్దాం.

ఆగస్టులో నీ ప్రశ్నకు నేను రాసిన జవాబు తప్పు. దానికి పదికి పది వేశావు, సిగ్గులేకుండా. కొట్టెయ్. గడువు ఇంకా ఉందనుకుని జవాబు మళ్ళీ రాస్తున్నాను: ఎటు వెళ్ళినా ఒక్కదానివీ వెళ్ళకు.

బుధవారం పొద్దుటి బండికి దిగుతాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నది ఈసారి మేక కాదు, ముసలాయనే. చేతిలో డబ్బా ఉంటుంది, గుర్తుపట్టు. కుర్చీ కాలు నిక్షేపంగా ఉన్నా నేనేమీ అనుకోను.

దీనికి మాత్రం మార్కులు వెయ్యకు.

మావయ్య